ప్రేగుల కూర్పు, మరలివచ్చు వ్యాధి

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున ఉదరరోగములను గూర్చిన ప్రకరణ మొకటి కలదు. ప్రేగునకు రంధ్రము పడి లోపలి ద్రవ్యము కడుపులోనికి స్రవించుచున్నపుడు, వైద్యుడు నాభికి దిగువను ఎడమవైపున కోసి, ప్రేగును కొంత వెలికి తీసి పరీక్షించి, గ్రుచ్చుకొన్న శల్యమును తొలగించి, రంధ్రపు అంచులను చేరదీసి, వానిని నల్లచీమలచేత కఱపింపవలయునని అందు విధింపబడినది. చీమ పట్టు పట్టిన వెంటనే దాని మొండెమును త్రుంచివేయవలెను. తల మాత్ర మచ్చటనే యుండవలెను. ఆ తలయే కుట్టు. పిదప ప్రేగును యథాస్థానమున నుంచి పొట్టను కుట్టివేయుదురు. ఈ మాట వినగానే నవ్వువారు కలరు. కాని ప్రేగు గాయము మానవలెనన్న రెండంచులు కొన్నాళ్ళు కదలక కలిసి యుండవలెననియు, లోపల నిలిచిన కుట్టుసామగ్రిని తీయుటకు మరల పొట్ట కోయవలసిన పని యుండరాదనియు నాటి వైద్యుడు గ్రహించె ననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. తరువాతి యుగముల వారు లోహపు గుండీలతోను, యంత్రములతోను సాధింప జూచినది ఈ రెండు పనులనే.

ఈ సంపుటమున మనవారి వలసలను, శాసనములను, పలుకుబళ్ళను గూర్చిన పరిశోధనలు చదువుచున్న పాఠకులకు ప్రేగుకుట్టు చరిత్ర కొంత వింతగా దోచవచ్చును. తెలుగువాడు ఏ రాష్ట్రమున స్థిరపడినను బంధుత్వమును ప్రేగుతోనే ముడివేయును. కన్నప్రేగు, ప్రేగుబంధము అను మాటలు హోసూరులోను, బరంపురములోను, యానాములోను ఒక్కటే. ఇది యటుండగా అంతకంటె దగ్గరి కారణ మొకటి కలదు. ఇటీవలి కాలమున మన కుటుంబములలో ఇరువది ముప్పది యేండ్ల ప్రాయపు పిల్లలకు క్రోన్ వ్యాధి యను పేరు తరచుగా వినబడుచున్నది. శస్త్రచికిత్స జరిగినది గదా, చెడిన ప్రేగును కోసి తీసివేసినారు గదా, ఇక బాగైనట్లే యని పెద్దలు ఊరడిల్లుదురు. ఆ యూరట యెంతవరకు నిజమో తెలియవలెనన్న, తెగిన ప్రేగును కూర్చు విద్య యెట్లు పెరిగినదియు, కూర్చిన చోటనే వ్యాధి యేల పుట్టుచున్నదియు కలిపి చూడవలసియున్నది.

ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దారంభము వరకు ప్రేగు కోత యన్న మరణమే యని శస్త్రవైద్యు లెఱిగియుండిరి. 1812లో లండను నగరమున బెంజమిన్ ట్రావర్స్ అను శస్త్రవైద్యుడు ప్రేగు గాయములు ప్రకృతిచే నెట్లు మానుచున్నవో కుక్కలయందు పరీక్షించి యొక గ్రంథము ప్రకటించెను. తెగిన రెండు కొనలును చుట్టును సమముగా తాకి యుండుటయే ముఖ్యమని యతని నిర్ణయము. ఏ ముఖమును ఏ ముఖమునకు తాకింపవలెనన్న ప్రశ్నకు సమాధానము 1826లో ప్యారిస్ నగరమున దొరకినది. ఆంత్వాన్ లంబేర్ అను యువకుడు తెగిన అంచులను లోపలికి మడచి, ప్రేగు పైపొర పైపొరతో కలియునట్లు, సూది ప్రేగులోపలికి దిగకుండ కుట్టు విధమును వెల్లడించెను. బట్టను కుట్టు దర్జీ అంచును అంచును కలిపి కుట్టును. లోపలి నునుపుపొర లోపలి పొరతో కలిసిన నది అతుకుకొనదు. పొట్టలోని పైపొరకు మాత్రము తాకినచోట కొద్ది గంటలలోనే అతుకుకొను గుణము కలదు. లంబేర్ చెప్పిన యీ యొక్క సంగతిపై నేటి ప్రేగుకుట్టులలో పెక్కులు నిలిచియున్నవి. ఐనను అతనికి మత్తుమందు లేదు, క్రిమినాశనము లేదు. ఈథరు మత్తు 1846లోను, లిస్టరు క్రిమినాశక పద్ధతి 1867లోను వచ్చినవి. ఆ రెండును వచ్చిన పిమ్మటనే పొట్టను నిదానముగా తెఱచి నిదానముగా మూయుటకు వైద్యులకు ధైర్యము కలిగెను. 1881 జనవరి 29న వియన్నాలో బిల్రోత్ కడుపులోని కంతిని కోసి తీసి, మిగిలిన జఠరమును ప్రేగునకు కూర్చి రోగిని బ్రతికించుటతో ఆ ధైర్యము లోకమునకు తెలిసినది.

సూది దారములను నమ్మనివారును ఉండిరి. లంబేర్ కుట్టు ప్రకటించిన 1826లోనే మార్సేల్ నగరపు దెనాన్ లోహపు కడియములను ప్రేగు కొనలలో నమర్చి బిగించు పద్ధతిని చూపెను. దానికి పరిపూర్ణరూపము 1892లో షికాగో వాడగు జాన్ మర్ఫీ నిర్మించిన గుండీ. రెండు చిప్పలు, ఒక్కొక్క చిప్ప యొక్కొక్క ప్రేగుకొనలో నుండును, రెంటిని నొక్కిన నొకదానిలో నొకటి బిగియును. నడుమ చిక్కిన కండ రక్తము లేక చచ్చును. దాని చుట్టును రెండు ప్రేగులును అతుకుకొనును. కొన్నాళ్ళకు గుండీ విడివడి మలముతోపాటు వెలికి పోవును. చీమ తలకు ఇనుపరూపమే యని నేననుకొందును. నిమిషములలో పని ముగియుటచే నాటి శస్త్రవైద్యులు దీనిని మిక్కిలి మెచ్చిరి. గుండీ వెలికి పోక అడ్డుపడుటయు, చచ్చిన కండ ముందే విడిపోవుటయు కలవు గనుక ఆ మెప్పు కొలదికాలమే నిలిచెను.

కుట్టు బలమునకు కారణము కనుగొన్నవాడు అమెరికావాడగు విలియం హాల్‌స్టెడ్. బాల్టిమోరు పరిశోధనశాలలో కుక్కల ప్రేగులపై శ్రమించి 1887లో ప్రకటించిన వ్యాసమున, ప్రేగు గోడలోని నాలుగు పొరలలో లోపలి శ్లేష్మపు పొరకు వెనుక నున్న నారపొరయే దారమును పట్టి నిలుపునదనియు, ఆ పొరనుండి ఒక్క పోగైనను సూది నెత్తనిచో కుట్టు తెగుననియు నిరూపించెను. నేటికిని శస్త్రవిద్యార్థులు నేర్చుకొను సంగతి యిది.

యంత్రముల కథ బుడాపెస్టున నారంభమైనది. 1908లో హ్యూల్ట్ల్ అను శస్త్రవైద్యుడు లోహపు తీగముక్కలతో జఠరమును జంటవరుసలుగా కుట్టు యంత్రము నుపయోగించెను. అది మూడున్నర కిలోలకు పైబడిన బరువు. తరువాత అదే దేశపు ఫాన్ పెట్స్ తేలికయైన దానిని చేసెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము మాస్కోలో శస్త్రపరికరముల పరిశోధనాలయ మొకటి యేర్పడి యీ కుట్టుయంత్రములను పలువిధములుగా పెంపొందించెను. 1958లో అమెరికా శస్త్రవైద్యుడు మార్క్ రావిచ్ సోవియట్ దేశమునకు పోయినపుడు వానిని చూచి యబ్బురపడి, లెనిన్‌గ్రాడు దుకాణములో నొకటి కొని యింటికి తెచ్చుకొనెను. ఇరు దేశములు పరస్పరము శంకించుకొనుచున్న ఆ కాలమున ఒక శస్త్రపరికరము అంగడిసరుకుగా సముద్రము దాటుట చరిత్రలో ముచ్చటైన ఘట్టము. దానినుండియే నేడు మన జిల్లా ఆస్పత్రులలో సైతము వాడుకలోనున్న స్టేప్లరులు పుట్టినవి.

ఇంతవరకు శస్త్రవైద్యుల ప్రశ్న యొక్కటే: కూర్చినది నిలుచునా, కారునా? ఐదాఱు దినములలో అతుకు విడనిచో వారి పని నెఱవేరినట్లే. మఱియొక ప్రశ్న కలదని చెప్పిన వ్యాధి వేఱు.

1913లో గ్లాస్గో శస్త్రవైద్యుడు కెనెడీ డాల్జియెల్ కొందఱు రోగుల ప్రేగుగోడ దళసరియై, బిగిసి, క్షయకు సంబంధించినట్లు కనబడియు క్షయక్రిములు లేని యొక స్థితిని వర్ణించెను. దాని నెవరును అంతగా పట్టించుకొనలేదు. 1932లో న్యూయార్కు మౌంట్ సైనై ఆస్పత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అను మువ్వురు, పదునలుగురు రోగులనుగూర్చి వ్రాసిన వ్యాసముతో అది లోకప్రసిద్ధమయ్యెను. చిన్నప్రేగు చివరి భాగమున పుండ్లు పడి, గోడ వాచి, దారి ఇరుకై, ఒక్కొక్కప్పుడు ప్రక్కనున్న ప్రేగులోనికి దొంగదారులు తొలచు వ్యాధి యది. రచయితల పేర్లు అక్షరక్రమమున నుండుటచే మొదటి పేరు క్రోన్‌కు దక్కి వ్యాధికి ఆయన పేరే స్థిరపడెను. ఆ రోగులకు శస్త్రచికిత్స చేసిన బెర్గ్ పేరు రచయితలలో లేదు. కత్తి పట్టినవాని పేరు మఱుగుపడి కలము పట్టినవాని పేరు నిలుచుట యిదియే మొదలు కాదు.

చెడిన భాగమును కోసి తీసివేసినచో రోగము పోవునన్న ఆశ ఆ తొలి వ్యాసమునం దుండెను. ఆ యాశ చిరకాలము నిలువలేదు. కోసి కూర్చిన కొన్నేండ్లకు రోగి మరల నొప్పితో, జ్వరముతో, బరువు తగ్గి వచ్చుచుండెను. మరల పొట్ట తెఱచి చూచిన వ్యాధి క్రొత్తచోట గాక, పెక్కు సందర్భములలో పాత అతుకు దగ్గఱనే, అందును చిన్నప్రేగు వైపుననే కనబడుచుండెను. పెద్దప్రేగు వైపున అతుకునానుకొన్న భాగము సాధారణముగా బాగుగనే యుండును. ఒక అతుకునకు ఇరువైపుల నున్న ప్రేగులలో ఒక్కవైపే చెడుట వైద్యుల నాలోచింపజేసెను.

కోయకుండ తప్పించుకొనజూచినవారు కొందఱు. చెడిన భాగము నట్లేయుంచి, దానికి పైనున్న మంచి ప్రేగును పెద్దప్రేగునకు కలిపి దారి మళ్ళించుట వారి పద్ధతి. 1956 జూన్ 9న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు వాల్టర్ రీడ్ ఆస్పత్రిలో జనరల్ హీటన్ చేసినది యీ చికిత్సయే. చిన్నప్రేగు చివర మూసుకొనిపోగా అర్ధరాత్రి దాటిన పిమ్మట పొట్ట తెఱచి దారి మళ్ళించిరి. ఆ నవంబరులోనే ఆయన రెండవసారి యెన్నికయ్యెను. నాడు పత్రికలు చదివిన మన పెద్దలలో కొందఱికి క్రోన్ వ్యాధి యను మాట మొదట వినబడినది ఈ సందర్భముననే కావచ్చును. ఐనను ఈ పద్ధతి నిలువలేదు. వదలివేసిన ప్రేగులో రోగము పొగ మంటవలె నుండుటయు, కొందఱికి అందు పుట్టకురుపు పుట్టుటయు చూచి వైద్యులు కోతకే మరలిరి.

ఎంత కోయవలెను? ఇక్కడనే వైద్యవృత్తి పెద్ద పొరపాటు త్రోవను పట్టినది. కంటికి కనబడని రోగము అంచున మిగిలియుండుటచేతనే వ్యాధి తిరిగి వచ్చుచున్నదని పలువురు నమ్మిరి. పుట్టకురుపును కోయునపుడు చుట్టును మంచి కండను కూడ తీయుదురు గదా. అదే న్యాయ మిచ్చటను వర్తించునని వారి తర్కము. జానెడు రోగమునకు మూరెడు ప్రేగు తీయుట వాడుకయైనది. ఒక్కసారికి ఇది చెల్లును. రెండవసారి, మూడవసారి కోత పడిన రోగికి తిన్న యాహారము నరిగించుకొనుటకు చాలినంత ప్రేగు మిగులదు. అట్టివారు సెలైను సీసాల పోషణతో బ్రతుకవలసివచ్చును. రోగము చేసిన నష్టముకంటె చికిత్స చేసిన నష్ట మెక్కువైన సందర్భములు వైద్యగ్రంథములయందు కలవు. ఈ వాదమునకు తీర్పు 1996లో వచ్చెను. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్కున విక్టర్ ఫాజియో బృందము 131 మంది రోగులను చీటీలు వేసినట్లు రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు రోగమునకు 2 సెంటీమీటర్ల దూరమునను, రెండవదానికి 12 సెంటీమీటర్ల దూరమునను కోసి కూర్చిరి. వ్యాధి తిరిగి వచ్చుటలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అనగా మునుపటి తరమువారు తీసివేసిన మంచి ప్రేగు వ్యర్థముగా పోయినదన్నమాట.

అంచులో మిగిలిన రోగము కారణము కాదనుటకు అంతకు మునుపే మన దేశమున నొక సూచన పుట్టినది. భారతదేశమున చిన్నప్రేగు ఇరుకగుటకు చిరకాలముగా ముఖ్యకారణము క్షయ. అద్దములో చూచినను, పొట్ట తెఱచి చూచినను క్షయను క్రోన్ వ్యాధినుండి వేఱుపఱచుట నేటికిని కష్టమే. మన ప్రాంతములలో నెందఱో క్రోన్ రోగులకు మొదట నెలల తరబడి క్షయమందు లిచ్చి చూచుట ఈ కష్టము వలననే. చండీగఢ్ స్నాతకోత్తర వైద్యసంస్థలో కటారియా తన సహచరులతో గూడి, క్షయచే నిరుకైన ప్రేగును కోసి తీసివేయుటకు మారుగా, ఇరుకును పొడుగున చీల్చి అడ్డముగా కుట్టి వెడల్పు చేయు విధము నవలంబించి 1977లో బ్రిటిష్ శస్త్రవైద్యపత్రికలో ప్రకటించెను. ఆ సహచరులలో నిద్దఱి పేర్లు రావు అని ముగియును. అది చూచి మనవారే యని తొందరపడరాదు. కన్నడదేశమున నివసించు పాఠకులకు ఆ బిరుద మెంత విస్తృతమో తెలియనిది కాదు. ఏమైనను ఆక్స్‌ఫర్డులో ఇమాన్యుయెల్ లీ ఈ పద్ధతిని క్రోన్ వ్యాధికి వర్తింపజేసి 1982లో ఫలితములు వెల్లడించెను. రోగమున్న గోడనే చీల్చి, రోగమున్న గోడనే కుట్టినను అది అతుకుకొనెను. అంతేకాదు, వెడల్పు చేసిన పిదప ఆ చోట వ్యాధి పెక్కుమందిలో శాంతించెను. తరువాతి కోతలు చాలవరకు వేఱు చోట్లనే పడినవి. చికాగోలో మికెలాస్సీ 1996లో పొడుగైన ఇరుకులకు ఇదే న్యాయమును విస్తరించెను. రోగము మిగిలినను ప్రవాహమునకు అడ్డు తొలగిన చాలునా యన్న ఆలోచనకు ఈ పద్ధతియే మూలము.

ఇంతకంటె లోతైన సంగతి కనుగొన్నది బెల్జియం దేశపు లూవెన్ విశ్వవిద్యాలయము. పాల్ రుట్‌గెర్ట్స్ అను వైద్యుడు, చికిత్స జరిగి హాయిగా తిరుగుచున్న రోగులకే కొలనోస్కోపీ చేసి అతుకును కంటితో చూచెను. 1990లో ఆయన ప్రకటించిన లెక్కలు కఠినములు. కోత జరిగిన ఏడాదిలోపల నూటికి 73 మందికి అతుకునకు పైన చిన్నప్రేగులో పుండ్లు కనబడెను. కాని రోగలక్షణములు కలవారు నూటికి 20 మందియే. మూడేండ్లకు పుండ్లు 85 మందికిని, లక్షణములు 34 మందికిని. అనగా వ్యాధి ముందు వచ్చును. బాధ చాల వెనుక వచ్చును. బాధ లేదు గనుక వ్యాధి లేదని రోగి తలచు కాలమే వ్యాధి పెరుగు కాలము. పుండ్ల తీవ్రతను బట్టి ఆయన యేర్పఱచిన సున్న మొదలు నాలుగు వఱకు గల మెట్లు నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నవి. తొలి ఏడాదిలో పై మెట్టున నున్నవారికి ముందుముందు బాధ తప్పదనియు, క్రింది మెట్టున నున్నవారు చాలకాలము సుఖముగా నుందురనియు ఆ లెక్కలు చూపినవి. పొగత్రాగుట మానని రోగికి ఈ పై మెట్టు సులభముగా లభించును. బీడీయైనను, సిగరెట్టైనను భేదము లేదు.

ఆ పుండ్లకు కారణ మేమి? లూవెన్ వారే దానిని పరీక్షించిరి. ఐదుగురు రోగులకు ప్రేగును కూర్చిన పిదప, ఆహారశేషము అతుకు వఱకు రాకుండ పైననే పొట్టగోడకు దారి చేసి మళ్ళించిరి. ఆఱు నెలలు గడచినను అతుకు దగ్గఱ ఒక్క పుండైనను లేదు. తరువాత దారిని మూసి ప్రవాహమును మామూలు త్రోవను విడువగా, ఆఱు నెలలలో ఐదుగురికిని వ్యాధి తిరిగి వచ్చెను. ఇది 1991లో లాన్సెట్ పత్రికలో వెలువడెను. 1998లో ద హాన్స్ మొదలగువారు మఱి ముగ్గురికి, అట్లు మళ్ళించి యుంచిన ప్రేగులోనికి వారి ప్రేగురసమునే యెక్కించి చూడగా, ఎనిమిది దినములలో వాపు మొదలయ్యెను. ఎనిమిది మంది రోగులమీద ఇంత పెద్ద సంగతి తేలుట వైద్యచరిత్రలో అరుదు. దీని యర్థము స్పష్టము: ప్రవాహములో నున్న యేదో వస్తువు, బహుశః సూక్ష్మక్రిములు, ఈ రోగుల ప్రేగును రెచ్చగొట్టుచున్నది. పెద్దప్రేగు లోపలి క్రిములు చిన్నప్రేగువానికంటె అనేక రెట్లు అధికము. ప్రకృతి రెంటి నడుమ నొక కవాటము నుంచినది. కోతలో ఆ కవాటము పోవును. తలుపు తీసిన యింటిలోనికి వీధి ధూళి వచ్చినట్లు ఆ క్రిములు పైకి ప్రాకుటచేతనే చిన్నప్రేగు వైపున మాత్రము పుండ్లు పుట్టుచున్నవని పలువురి యూహ.

శోథరోగములలో రెండవదగు వ్రణయుత పెద్దప్రేగు వ్యాధికి, అనగా అల్సరేటివ్ కొలైటిసునకు, ఈ కథ వర్తింపదు. అది పెద్దప్రేగునకే పరిమితము. దాని నంతటిని తీసివేసిన పోవును. 1978లో లండను సెయింట్ మార్క్స్ ఆస్పత్రిలో పార్క్స్, నికల్స్ అనువారు చిన్నప్రేగునే సంచిగా మడచి గుదమునకు కూర్చి మలద్వారమును నిలుపు విధము చూపిరి. ఆ సంచికిని వాపు వచ్చుట కొందఱికి కలదు గాని, అది వేఱు ప్రకరణము.

క్రోన్ వ్యాధి అతుకుకడకే మరల వత్తము. ప్రవాహమే కారణమైనపుడు అతుకు ఇరుకుగా నుండి ప్రవాహము నిలిచిపోవుట హానికరము గదా యని శస్త్రవైద్యులు తర్కించిరి. కొనకు కొన కూర్చిన అతుకు సన్నము. రెండు ప్రేగులను ప్రక్కప్రక్కన నుంచి స్టేప్లరుతో లోపల తలుపు కోసి కూర్చిన అతుకు వెడల్పు. 1990 తరువాత ఈ ప్రక్కకూర్పు మేలన్న నివేదికలు పలు ఆస్పత్రులనుండి వచ్చినవి. స్టేప్లరు అమ్మువారును దానికి సంతోషించియే యుందురు. 2009లో మెక్‌లియోడ్ నాయకత్వమున జరిగిన పరిశోధన దీనిని సరిగా పరీక్షించెను. 139 మంది రోగులలో ఏడాది సుమారునకు అతుకున వ్యాధి కనబడినది కొనకూర్పువారిలో నూటికి 42.5, ప్రక్కకూర్పువారిలో 37.9. తేడా లేనట్లే లెక్క. వెడల్పు చాలదని తేలినది.

ఇక్కడ జపానుదేశపు ఉత్తరద్వీపమగు హొక్కైడోలోని అసహికావా వైద్యవిశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు తోరు కోనో ప్రవేశించును. ఆయన దృష్టి ప్రేగుమీద కాక ప్రేగు వ్రేలాడు పొరమీద పడెను. చీర కుచ్చెళ్ళ అంచున గొట్టము నొకదానిని కుట్టినట్లు, చిన్నప్రేగు కడుపు వెనుకగోడనుండి దిగు మడతల పొర యంచున నమరియుండును. దానినే మెసెంటరీ యందురు. రక్తనాళములు, నాడులు, క్రొవ్వు అందుండి ప్రేగునకు చేరును. క్రోన్ పుండ్లు తరచుగా ఆ పొర యతికియున్న వైపుననే, గీత గీచినట్లు పుట్టును. అట్లైనచో అతుకు లోపలి తలుపును ఆ వైపునకు దూరముగా నుంచరాదా? కోనో ప్రేగును కోసి కొనలను మూయునపుడు, మెసెంటరీ వైపు మూసిన కొనకు నడుమ వచ్చునట్లు త్రిప్పి మూసెను. మూసిన రెండు కొనలను వీపు వీపు తగులునట్లు కుట్టి ఒక స్తంభముగా నిలిపెను. తలుపు ముడుచుకొనకుండ ఆ స్తంభము కాచును. పిదప మెసెంటరీకి ఎదురువైపున రెండు ప్రేగులను పొడుగున ఏడెనిమిది సెంటీమీటర్లు చీల్చి, చేతితో అడ్డముగా కుట్టెను. చండీగఢ్‌లో ఇరుకునకు చేసిన న్యాయమే ఇచట అతుకునకు జరిగినది. ప్రేగునకు పోవు రక్తనాళములు, నాడులు చెడకుండ మెసెంటరీని ప్రేగు అంచుననే కోయుటయు ఆయన విధిలో నొక భాగము. మొదటి చికిత్స 2003లో; ప్రకటన 2011లో. 69 మందిలో ఐదేండ్లలో అతుకు చెడి మరల కోత పడినవా రొక్కరును లేరు. మునుపటి పద్ధతులవారిలో నూటికి 15 మంది.

అద్భుతమని తోచు ఈ లెక్కను వెంటనే నమ్మరాదు. ఒకే ఆస్పత్రిలో ముందటి కాలపు రోగులను తరువాతి కాలపు రోగులతో పోల్చినపుడు, నడుమ మారినవి కుట్లు మాత్రమే కావు, మందులును మారినవి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి జీవసంబంధమైన మందులు ఆ నడుమనే వాడుకలోనికి వచ్చినవి. ఈ మందుల వరుసలో మెథోట్రెక్సేట్ అను నొకటి కలదు. దానిని తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల పరిశోధనకు దర్శకత్వము వహించినవాడు భీమవరమున పుట్టి 1948లో న్యూయార్కులో కన్నుమూసిన యెల్లాప్రగడ సుబ్బారావు. తెల్లరక్తకణముల పుట్టకురుపునకై పుట్టిన ఆ మందు క్రోన్ వ్యాధికిని పనికివచ్చునని 1995లో కెనడా వైద్యుడు ఫీగన్ మొదలగువారు నిరూపించిరి. ఈ సంపుటమున ఆయన పేరు ఇంకెచటనైన వచ్చినను ఈ సంబంధము మాత్ర మెవరును చెప్పియుండరు.

కోనో పద్ధతికి సరియైన పరీక్ష నేపుల్స్ నగరమున లూల్యో మొదలగువారు జరిపి 2020లో ప్రకటించిరి. 79 మంది రోగులు. 36 మందికి కోనో కూర్పు, 43 మందికి స్టేప్లరు ప్రక్కకూర్పు. ఆఱు నెలలకు అతుకున పుండ్లు కనబడినవి మొదటివారిలో నూటికి 22.2, రెండవవారిలో 62.8. రెండేండ్లకు రోగలక్షణములు 18, 30.2. మరల కోత పడవలసినవారి సంఖ్యలో మాత్రము చెప్పుకోదగిన తేడా లేదు. అది తేలుటకు రోగులు చాలరు, కాలము చాలదు. ఒక్క నగరపు 79 మంది లెక్కను లోకశాస్త్రముగా నంగీకరింపని శస్త్రవైద్యులు కలరు. వారిది మొండితనము కాదని నా యభిప్రాయము. ఐనను, రెండువందల యేండ్ల కుట్టుచరిత్రలో అతుకు ఆకారము వ్యాధిని మార్చగలదని సరియైన పోలికతో చూపిన పరిశోధనలలో ఇది ముఖ్యమైనది.

మెసెంటరీయే దోషి యన్న మాటను మఱియొక తీరున పట్టినవాడు ఐర్లాండులోని లిమరిక్ వాడగు కాల్విన్ కాఫీ. కోనో ఆ పొరను అంచునకు నెట్టి అతుకును దానినుండి కాపాడెను. కాఫీ ఆ పొరనే ప్రేగుతోపాటు కోసి తీసివేసెను. 2018లో ఆయన ప్రకటించిన లెక్క: పాత పద్ధతి 30 మందిలో మరల కోత నూటికి 40, క్రొత్త పద్ధతి 34 మందిలో 2.9. ఇదియు ముందువెనుకల కాలముల పోలికయే. పలు దేశములలో శస్త్రవైద్యులు ఉత్సాహముతో మెసెంటరీలను కోయ నారంభించిరి. 2024లో నెదర్లాండ్సు వారి నాయకత్వమున 133 మందిని చీటీలపద్ధతిని విభజించి జరిపిన పరిశోధన వెలువడెను. ఆఱు నెలలకు అతుకున వ్యాధి పొర తీసినవారిలో నూటికి 42, తీయనివారిలో 43. వెడల్పు కోతలకు ఫాజియో చెప్పిన తీర్పే ఈ పొరకోతకును వచ్చినది. ఈసారి మాత్రము దానికి అరువది యేండ్లు పట్టలేదు, ఆఱేండ్లే పట్టినది.

ఇన్ని పద్ధతులలో ఏది చేసిరో రోగి యింటివారికి తెలియదు. తెలిసినను కుట్టును మార్చుట వారి చేతిలో లేదు. వారి చేతిలో నున్నది అతుకును సమయమునకు చూపించుకొనుట. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశముల వైద్యులు 174 మంది రోగులతో జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో, కోత జరిగిన ఆఱు నెలలకు కొలనోస్కోపీ చేసి, పుండ్లున్నవారికి మందు పెంచుచు వచ్చిరి. రెండవ తెగవారికి అట్టి పరీక్ష లేక మందులు మాత్ర మిచ్చిరి. పదునెనిమిది నెలలకు వ్యాధి కనబడినది పరీక్షింపబడినవారిలో నూటికి 49, పరీక్షింపబడనివారిలో 67. పరీక్ష చేయించుకొన్నవారిలోను ఇంచుమించు సగముమందికి వ్యాధి వచ్చినది. కాని వచ్చినపుడు వారి వైద్యునికి తెలిసియున్నది. మన ఊళ్ళలో ఈ రెండవ తెగవారే యెక్కువ. నొప్పి లేని బిడ్డను మరల ఆస్పత్రికి త్రిప్పుట యేల యని తల్లిదండ్రు లందురు. దూరము, ఖర్చు, భాష తెలియని నగరపు ఆస్పత్రి వారిని వెనుకకు లాగును. కోత జరిగిన ఆఱవ నెలకును పండ్రెండవ నెలకును మధ్య ఒకసారి అతుకును చూడవలయునని నేడు పలు దేశముల వైద్యసంఘములు చెప్పుచున్నవి.